మూడు ప్రశ్నల తర్వాతే మందు

కనకమ్మ సత్రం కూడలిలో తిరుమలయ్య ఎరువుల అంగడికి వెళ్లి, పురుగుమందు ఇమ్మనగానే ఇచ్చేస్తారనుకోకండి. మధ్యాహ్నం మూడు దాటిందా, గల్లాపెట్టె పక్కన కోకిల ఉంటుంది. రైతు కాగితంలో చుట్టి తెచ్చిన ఆకును వెలుతురుకు పట్టి చూసి మొదలుపెడుతుంది.

"మచ్చ యాడ మొదలైందన్నా, కింద ఆకులోనా, పై ఆకులోనా? నీళ్లు ఎప్పుడు పెట్టినారు? పక్క మడిలో ఏముండాది?"

మందు ఆ తర్వాతే. ఒక్కోసారి అదీ ఇవ్వదు.

"నువ్వు పనికొచ్చినావా, అంగడి మూయించేదానికి వచ్చినావా?" అని తిరుమలయ్య విసుక్కుంటాడే గాని మాన్పించడు. ఆమె మాట విన్న రైతులు మళ్లీ అక్కడికే వస్తున్నారు మరి.

పొద్దున తిరుత్తణి కాలేజీలో బాటనీ చివరి సంవత్సరం, సాయంత్రం అంగడి. మూడేళ్లుగా ఇదే వరస. ఏ ఆకు ఎందుకు పండిందో తెలిసేదాకా ఆమెకు అన్నం సయించదు. దారిలో బస్సు దిగి మరీ పొలం చూసొస్తుంది. అంతటి పిల్లకు తనమీద మాత్రం చిటికెడు నమ్మకం లేదు. తిరువళ్లూరులో ఒక విత్తనాల కంపెనీ, రైతులకు సలహాలిచ్చే ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పిలిచింది.

"చదువే పనిగా ఉండే పిల్లలు వస్తారు మామా. నేను సగం చదువు, సగం అంగడి. నన్నెవరు తీసుకుంటారు?"

"ఇంటర్వ్యూ పొద్దు ఇక్కడికొస్తే లోపలికి రానియ్యను, పో" అన్నాడు తిరుమలయ్య. ఇక వెళ్లక తప్పలేదు.

ఇంటర్వ్యూ చేసే అధికారి సుందరరాజ్, ఆ తమిళ ఊళ్లో ఆయనదీ తెలుగిల్లే. పండుబారిన మల్లె ఆకు ఒకటి బల్లమీద పెట్టి, జబ్బేమిటని అడిగాడు. ముందు వెళ్లినవాళ్లు తడుముకోకుండా తెగుళ్ల పేర్లు చెప్పారని కోకిల బయటే విన్నది. తనకు ఒక్క పేరూ తట్టలేదు. ఉద్యోగం పోయినట్టేననుకుంది. కానీ ఆకు చేతికొచ్చాక చెయ్యి ఊరుకోదే, వెనక్కి తిప్పింది.

"కింద ఆకా, పై ఆకా సార్?"

"కిందది. మా మిద్దెమీది తొట్లోది."

"నీళ్లు ఎన్నాళ్లకొకసారి పోస్తారు?"

సుందరరాజ్ తల గోక్కున్నాడు. "అది మా ఆవిడకు తెలుసు. నువ్వు అడిగేదానికి వచ్చినావా, చెప్పేదానికి వచ్చినావా?"

"తెలీకుండా చెప్తే తప్పయిపోతాది సార్. ఫోన్ చేసి కనుక్కోండి."

అన్నాక నాలిక కరుచుకుంది. ఆయన మాత్రం నిజంగానే ఇంటికి ఫోన్ చేశాడు.

"రోజూ రెండు పూటలా పోస్తుందంట."

"తొట్టి అడుగున నీళ్లు కారిపోయే తూటు ఉండాదా?"

అది ఆయనకూ తెలియదు, ఆవిడకూ తెలియదు.

"అయితే నాకూ తెలీదు సార్" అని కోకిల లేచింది. తలుపు దాకా వెళ్లి, ఆగలేక వెనక్కి తిరిగింది. "ఆ తూటు సంగతి తెలిస్తే నాకు చెప్తారా సార్?"

"తొట్టినే ఆఫీసుకు తెచ్చి పెడతాను" అన్నాడు సుందరరాజ్. "పనిలో చేరినాక నువ్వే చూసి చెప్పు."