కాగితంలో లేని కప్పు

పొద్దున పాలగిన్నె పట్టుకొని వాకిట్లోకి వస్తే ఎదురింటి ముందు చెప్పులు ఎక్కువగా కనిపించాయి. మేస్త్రి పోయాడని ఎవరూ నోటితో చెప్పే పని లేకపోయింది. గిన్నె అరుగు మీద పెట్టి, నా చెప్పులు కూడా వాటి పక్కన విడిచి లోపలికి పోయాను.

కందులు కొట్టే రోజులు. చలి తగ్గుతూ ఉంది. చలి తగ్గితే దగ్గు కూడా తగ్గుతుందని ఆయన ఆశపడ్డాడు. చలి తగ్గింది గానీ దగ్గు ఆయన్ని విడవలేదు.

ఆయన గురించి నాలుగు ముక్కలు రాయమని మా ఊరి బడి సారు అడిగాడు. నేను చదివింది ఐదు. నాకు మాట కూడా తక్కువే. గొర్లను కాసుకొని బతికినవాణ్ణి, వాటితో పెద్దగా మాట్లాడే పని ఉండదు. మేస్త్రికేమో చదువు రాదు, మాట మాత్రం మస్తుగా వచ్చు. ఆఫీసు కాగితం ఏదైనా ఆయన చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. ఎవరూ చెప్పకుండా నేను రాస్తున్న కాగితం ఇదొక్కటే. తప్పులుంటే మన్నించాలి.

మాది పెద్దేముల్ మండలంలో చిన్న ఊరు. మా గల్లీలో అన్నీ బండ కప్పు ఇండ్లే. తాండూరు చుట్టూ నాపరాయికి కొదవ లేదు. సిమెంటు స్లాబు పోసుకోలేని వాళ్లం ఇనుప దూలాల మీద బండలు పరిచి, సందులు మూసి, దాని కిందే బతికాం. ఆ కప్పుల్లో సగానికి పైగా మేస్త్రి చేతివే. నా ఇల్లూ ఆయన కప్పిందే. నాకంటే నాలుగేండ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు.

ఏ బండనైనా ఎత్తే ముందు వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి వినేవాడు. ఖంగుమంటే మంచి బండ. మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు. ఈ విద్య సేడం వైపు నుంచి వచ్చిన కన్నడం ఉస్తాద్ ఒకాయన నేర్పాడట. "కన్ను మోసపోతది తమ్మీ, చెవి మోసపోదు" అనేవాడు. రాను రాను అది బండలతో ఆగలేదు. తలుపు, పుచ్చకాయ, బస్సు సీటు వెనక రేకు, ఏది దొరికితే అది కొట్టి చూసేవాడు. మా వదిన, అంటే ఆయన భార్య, నవ్వేది. "కంచం గూడ పలికితెనే అన్నం తింటడు మీ అన్న. నన్నెందుకు కొట్టి సూడలేదో పెండ్లప్పుడు" అనేది. "నువ్వు కొట్టకుండనే పలుకుతవ్ గద" అని ఆయన జవాబు.

నా ఇల్లు కప్పిన ఏడు, మొదటి పెద్ద వాన కురిసిన రోజు, తడుచుకుంటూ వచ్చాడు. మా ఇంటి మధ్యలో నిలబడి తల పైకెత్తి చాలాసేపు చూశాడు. ఒక్క చుక్క కూడా రాలేదు. చాయ్ పెడతామన్నా ఆగలేదు. "బండకు నోరు లేదు, సందుకు ఉంటది. వాన పడితెనే మాట్లాడతది. ఏం మాట్లాడలే, ఇగ నేను పోత" అని వెళ్లిపోయాడు. అట్లాంటి మనిషి.

తర్వాత సోలార్ వచ్చింది.

ఇంటి మీద సోలార్ పలకలు పెట్టుకుంటే ఖర్చులో కొంత సర్కారే సబ్సిడీగా ఇస్తుందని పంచాయతీ దగ్గర మీటింగు పెట్టి చెప్పారు. గల్లీ గల్లీ పోయి విన్నది. కొన్నాళ్లకు పలకలు బిగించే కంపెనీ మనిషి ఇంకొకాయన్ని వెంటబెట్టుకొని ఇండ్లు చూడటానికి వచ్చాడు. మొదట మేస్త్రి ఇల్లే ఎక్కాడు. వెనక నేనూ ఎక్కాను.

"ఇది స్లాబు కాదు గదా పెద్దాయనా" అన్నాడు.

"కాదు. బండ."

"బోల్టు కొట్టాలంటే రంధ్రం చెయ్యాలె. బండ పగులుతది. మీ గల్లీకి కాదు. స్లాబు ఉన్నోళ్లకే అయితది."

"రంధ్రం ఎందుకు? బరువు పెట్టి కూసోబెట్టు."

"ఈ కప్పు ఆగుతదా అంత బరువుకు?"

"దుంకు" అన్నాడు మేస్త్రి.

"ఏంది?"

"నువ్వు దుంకు. నీ తోటి వచ్చినాయన్ని గూడ దుంకుమను. పీర్ల పండుగకు గింతమంది ఆడోళ్లు పిల్లల్నెత్తుకొని ఈడ నిలబడి సూస్తరు. ఒక్క బండన్న కదిలిందేమో అడుగు."

ఆయన దుంకలేదు. నిచ్చెన దిగి స్లాబు ఇండ్ల వైపు వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మేస్త్రి మా అరుగు మీద కూర్చున్నాడు గానీ చేతికందిన దేన్నీ కొట్టి చూడలేదు. ఆయన అట్లా కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. చివరికి అన్నాడు: "తాండూర్ల పాలిషింగ్ షెడ్ల మీద చూసినవా తమ్మీ? రేకుల మీద వరుసగ పలకలే. వ్యాపారపోళ్లకు వేరే రాయితీ ఉన్నదంట. మంచిదే. కాని గా ఎండ కరెంటుతోని బండ కోస్తరు. గదే బండ కప్పుకున్న ఇంటికి మాత్రం ఎండ కరెంటు రాదా?"

బిల్లు సంగతి కాదు అది. నలభై ఏండ్లు ఆయన కప్పినవి కప్పులే కాదన్నట్టు అయింది. ఆయన ఇంటిని ఒప్పుకుంటే గల్లీ మొత్తాన్ని ఒప్పుకున్నట్టే. ఒప్పుకోకపోతే, మిగతా వాళ్లం అడగడం కూడా దండగ.

ఇద్దరం తాండూరులో ఆన్‌లైన్ సెంటరుకు పోయాం. అక్కడి ఆమె ఓపికగా అన్నీ అడిగి కంప్యూటర్‌లో కొట్టింది. మీటరు నంబరు, బ్యాంకు పాసుబుక్కు అన్నీ అయ్యాయి. కప్పు రకం దగ్గర ఆగింది.

"స్లాబు ఉంది, రేకులు ఉంది. బండ అని లేదు పెద్దాయనా. స్లాబు అని పెడుతున్న."

"వద్దు బిడ్డా."

"అందరు గట్లనే పెడుతున్నరు. ఎవరు సూస్తరు?"

"నా కప్పును దొంగపేరుతోని పంపనా? బండ కప్పంటే బండ కప్పనే ఉండాలె."

ఆ మాట అనకపోతే అప్పుడే పని అయ్యేదేమోనని నేను చాలాసార్లు అనుకున్నాను. బయటికొచ్చాక ఒకసారి ఆయనతో అన్నాను కూడా. "అయితుండె" అని ఒప్పుకున్నాడు. "కాని రేపు ఇంకో ఇల్లు కప్పబోతే బండ దగ్గర నేనేం ముఖం పెట్టుకొని నిలబడాలె?"

దాంతో మళ్లీ కాగితమే దిక్కయింది. ఆయన చెప్పగా తెల్ల కాగితం మీద అర్జీ రాశాను. నాది బండ కప్పు, రంధ్రం చేయకుండా బరువుల మీద పలకలు నిలబెడతాను, వచ్చి చూడండి. ఇంతే.

రాయించి ఊరుకోలేదు. పాత ఇనుప గొట్టాలు తెచ్చి, కప్పు మీద ఈ గోడ నుంచి ఆ గోడకు వేసి, నాలుగు మూలలా నాలుగు మందపు రాళ్లు కూర్చోబెట్టాడు. "బరువు గోడ మొయ్యాలె, బండ కాదు" అని ఒకటికి నాలుగుసార్లు దారం పట్టి చూశాడు. నెల పట్టింది. ఒక్కో రాయి ఎత్తాక కూర్చొని దగ్గేవాడు. చిన్నప్పటి నుంచి రాతి దుమ్ము మింగిన ఛాతీ అది. నేనూ మా గల్లీ వాళ్లూ చేయి వేస్తే వద్దనేవాడు కాదు. అది కూడా నాకు కొత్తే.

ఇక వికారాబాద్ కరెంటు ఆఫీసుకు తిరుగుడు. షేర్ ఆటోలో తాండూరు, అక్కడి నుంచి బస్సు. గుట్టల మలుపుల్లో ఆయన దగ్గు ఎక్కువయ్యేది. ఆఫీసులో బెంచీ మీద కూర్చునేవాళ్లం. సారు మీటింగులో ఉండేవాడు, లేకపోతే ఫీల్డులో ఉండేవాడు. ఒకసారి ఉన్నాడు గానీ మా కాగితం లేదు. ఇంకోసారి కాగితం దొరికింది గానీ "ఈ రకం కప్పు మా దాంట్లో లేదు కదా" అన్నారు. ఎవరూ కసిరింది లేదు. అదే ఇంకా అలసట. కసిరితే ఆయన కూడా నాలుగు అనేవాడు. మంచిగా మాట్లాడి పంపిస్తే ఏమంటాడు?

అక్కడ ఫైళ్లు చూసే అమ్మ మమ్మల్ని గుర్తుపట్టింది.

"మళ్లీ వచ్చిన్రా తాతా?"

"వచ్చినం బిడ్డా. బండ ఇంకా స్లాబు కాలేదు."

ఆమె నవ్వి మంచినీళ్లు తెప్పించింది. ఆమెనే మా కాగితాన్ని కొత్తగా వచ్చిన ఇంజనీరు బల్ల మీద పెట్టిందని తర్వాత తెలిసింది. ఇంజనీరు ఒకరోజు వచ్చి చూస్తానన్నాడు. ఏ రోజో చెప్పలేదు.

దానికే మేస్త్రి సంబురపడ్డాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని, ఏం తోచిందో, వేలి కణుపుతో తన ఛాతీ మీదే రెండుసార్లు కొట్టుకున్నాడు. విన్నాడు. "పలుకుత లేదు తమ్మీ. పగులు పట్టింది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. గాలి తగులుతుందని నేను లేచి కిటికీ అద్దం మూశాను.

దినాలు అయిన మర్నాడు ఇంజనీరు వచ్చాడు. బండి దిగి, హెల్మెట్టు తీయకుండానే అడిగాడు, మేస్త్రి ఇల్లు ఇదేనా, ఆయన్ని జర పిలవండి అని. గల్లీలో నలుగురున్నాం.

"లేడు సార్" అన్నాను.

"ఎప్పుడొస్తడు?"

గడప లోపలి నుంచి వదిన అన్నది: "ఇగ రాడు సారూ. మీరే జర ఆలస్యంగ వచ్చిన్రు."

ఆయన హెల్మెట్టు తీసి చేతిలో పట్టుకున్నాడు. పాపం, మంచి మనిషే. "ఇప్పుడు బాగుండదు, ఇంకోనాడు వస్తా" అని బండి వైపు తిరిగాడు. ఇంకోనాడు అంటే ఏమిటో ఆ బెంచీ మీద కూర్చున్న నాకు తెలుసు.

"ఎక్కి సూసి పోండి సార్" అన్నాను. "ఆయన మీ కోసమే పెట్టిండు."

నిచ్చెన ఎక్కాం. ఇంజనీరు గొట్టాలు చూశాడు, రాళ్లు చూశాడు, వంగి గోడ అంచు చూశాడు. బరువు ఎక్కడ పడుతున్నది అని అడిగాడు. గోడ మీద సార్, బండ మీద కాదు, అన్నాను. అంతకు మించి నాకు రాలేదు. మేస్త్రి అయితే ఇంకా ఎంతో చెప్పేవాడు. నేను వంగి వేలి కణుపుతో బండ మీద కొట్టాను. ఖంగుమంది. పక్క బండ కొట్టాను. అదీ పలికింది.

కింది నుంచి వదిన గొంతు వినిపించింది. "మర్దీ! సారును దుంకుమను!"

గల్లీలో ఎవరో నవ్వారు. అన్ని రోజుల తర్వాత అక్కడ వినిపించిన మొదటి నవ్వు అది. ఇంజనీరు కూడా నవ్వి, ఫైలు పక్కన పెట్టి, చిన్నగా దుంకాడు.

"ఇంకా జర గట్టిగ సార్" అన్నాను.

గట్టిగా దుంకాడు. బండ కదలలేదు. దిగాక, నేను రాసిన అర్జీ కిందనే పెన్నుతో రాశాడు: బండ కప్పు, స్వయంగా చూశాను, తట్టుకుంటుంది. సంతకం పెట్టాడు. తర్వాత తల వంచుకొని చెప్పాడు, దరఖాస్తు చనిపోయినాయన పేరు మీద ఉంది కాబట్టి ముందు మీటరు వదిన పేరు మీదికి మారాలని, ఆ తర్వాత దరఖాస్తు మళ్లీ మొదటి నుంచి పెట్టాలని.

మళ్లీ మొదటి నుంచి. షేర్ ఆటో, బస్సు, గుట్టలు, బెంచీ. అయినా కొత్త అర్జీ రాశాను. ఈసారి వదిన చెప్పింది. కప్పు దగ్గరికి వచ్చేసరికి ఆమెను అడిగే పని లేకుండా బండ కప్పు అని నేనే రాసేశాను. మా గల్లీ నుంచి ఇంకో ఇద్దరు కూడా రాసిపెట్టమని వచ్చారు. ఇంజనీరు రాత నకలు వాళ్ల కాగితాలకూ జోడించాను.

పలకలు ఇంకా రాలేదు. మేస్త్రి కట్టిన గొట్టాల చట్రం ఖాళీగానే ఉంది. దాని కింద వదిన పాత దుప్పటి పరిచి కందులు ఎండబోసింది. గాలికి లేవకుండా మూడు మూలలకు రాళ్లు పెట్టింది. గల్లీ వైపు అంచున ఉన్న నాలుగో మూలకు ఆయన సుత్తె పెట్టింది. గాలి వచ్చినప్పుడల్లా దుప్పటి ఆ మూలన కొద్దిగా ఉబ్బుతుంది. మా అరుగు మీద నుంచి కనిపిస్తుంది. సుత్తె కదలదు.