యాకమ్మ వేసిన ముగ్గు

"మంచి నౌకరి ఇడిసిపెట్టి ఇండ్లు కడుగుడేందే?" అని నన్ను అడగని చుట్టం లేదు. నా క్లీనింగ్ వ్యాపారంలో ఉన్నది ఇద్దరమే, నేనూ యాకమ్మా.

రంజాన్ వస్తోందని ఈ రోజు ఖిలా వరంగల్‌లో ఫాతిమా ఆంటీ ఇల్లంతా కడిగాం. నేను బకెట్లు ఆటోలో పెట్టి తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు ఇంత పెద్ద ముగ్గు! పని అయిపోగానే ముగ్గు వేయడం యాకమ్మకు అలవాటు. ఎవరి ఇల్లన్నది ఆమె చూడదు. తడిగుడ్డ పట్టుకుని పరుగెత్తాను. అప్పుడే ఆంటీ బయటికొచ్చింది.

"ఏమనుకోకుండ్రి ఆంటీ, అలవాటుల ఏసింది. తుడిచేస్త."

ఆంటీ కళ్లద్దాలు సర్దుకుని ముగ్గు వంక చాలాసేపు చూసింది.

"తుడుసుడెందుకు బిడ్డా? గా మూలకు గీత కలవలే. జర కలపమను."

యాకమ్మ కలిపేదాకా ఆంటీ పక్కనే నిలబడింది.

సాయంత్రం ఆంటీ ఫోన్ చేసింది. ఇల్లు అద్దంలా ఉందట గానీ, ముగ్గు మీదుగా ఎవరిదో స్కూటర్ పోయిందట. మళ్లీ ఎప్పుడొస్తారని అడిగింది.

ఉద్యోగం చేసినన్నాళ్లు, సెలవు పెడితే తప్ప నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. మీ సంగతేంటి?