ఎడమ చక్రం మీద నల్లపొడి

నా చిన్నప్పుడు మా ఊళ్లో కారు నడిపే ఆడమనిషి ఎవరంటే మా అత్త ఒక్కతే. మా నాన్నకి అక్క, చిలకలూరిపేటలో హైస్కూలు టీచరు. మామయ్య పోయాక మా ఇంట్లోనే ఉండేది. ఎవరో వాడి అమ్మేసిన చిన్న తెల్ల కారొకటి కొనుక్కుని, డ్రైవింగు నేర్చుకుని, రోజూ అందులోనే బడికి వెళ్లొచ్చేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. పత్తి లారీలు, ట్రాక్టర్ల మధ్య నుంచి ఆమె కారు వస్తుంటే మిరపకాయలు కోసేవాళ్లు నడుం మీద చెయ్యేసుకుని లేచి నిలబడి చూసేవారు. ఆ కారుకి పాత యజమాని వేయించిన వెండిరంగు అల్లాయ్ చక్రాలుండేవి. మిగతా బండి ఎలా ఉన్నా ఆ చక్రాలంటే అత్తకి మహా ముచ్చట.

మా పక్కింటి అక్కకి ఆ కారంటే ఇంకా ముచ్చట. ఆమె పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చుంటే, అత్త సాయంత్రాలు పాఠాలు చెప్పి, మళ్లీ పరీక్ష రాయించి, టీచరు ట్రైనింగు దాకా చదివించింది. అక్కకి పెళ్లి కుదిరింది. పెళ్లి పొదిలిలో, పెళ్లికొడుకు వాళ్ల చర్చిలో. అక్క కోరిన కోరిక ఒక్కటే: పెళ్లిచీర కట్టుకుని అత్త నడిపే కారులో వెళ్లాలి. తండ్రి లేని ఆ ఇంటికి ఆమె పెదనాన్నే పెద్దదిక్కు. అంత దూరం ఆడమనిషి బండిలో పెళ్లికూతుర్ని పంపడమేంటి, జీపు మాట్లాడదాం అని ఆయన పట్టుబట్టాడు. అక్క అలిగి అన్నం మానేసింది. చివరికి సరేనన్నాడు కానీ ముఖం మాత్రం విప్పలేదు.

పెళ్లి దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం అత్త కారు కడగడానికి పూనుకుంది. నేను వెంట ఉన్నాను. హైవే పనులు జరుగుతున్న రోజులవి, చక్రాల నిండా తారు చుక్కలు. వాటి మీద గట్టిగా పట్టేసిన నల్లటి మసి. ఆ మసి చూసి మా బాబాయి లోపలికెళ్లి బాత్రూం కడిగే యాసిడ్ సీసా పట్టుకొచ్చాడు.

"ఒక్క చుక్క పోస్తే చాలక్కా. అద్దంలా మెరుస్తయ్."

"ఇవాళ మెరుస్తయ్, రేపటికి తెల్లమచ్చలు లేస్తయ్. ఆ పొగ పిల్ల కళ్లల్లో పడితే? తీసుకెళ్లి లోపల పెట్టరా" అంది అత్త.

ఆమె పద్ధతి ఆమెది. పేటలో బడి నుంచి రాగానే కడగనివ్వదు. బండిని ఇంటి నీడలో నిలిపి, చక్రాలు చల్లబడేదాకా ఆగమంటుంది. వేడిగా ఉన్న వాటి మీద చల్లటి నీళ్లు పోయకూడదని, సబ్బు అక్కడికక్కడే ఎండి చారలు కడుతుందని చెప్పింది. నేను గుడ్డతో ఆ మసి దులపబోతే చెయ్యి పట్టుకుంది. అది రోడ్డు మీది దుమ్ము కాదు, బ్రేకులు అరిగి రాలిన పొడి, పొడిగా దులిపితే ఊపిరిలోకి పోతుంది అని చెప్పి, నా ముక్కుకి తన చేతిరుమాలు కట్టింది. ముందు నీళ్లతో బాగా తడిపింది. బకెట్లో షాంపూ కలిపి, రంగులు వేసే పాత బ్రష్షు ఒకటి నా చేతికిచ్చింది. గిన్నెలు తోమే పీచు దగ్గరికి కూడా రానివ్వలేదు. తారు చుక్కలకి మాత్రం గుడ్డ కొసకి కాస్త కిరసనాయిలు అద్ది, ఒక్కొక్క చుక్క మీదా ఒత్తి, కరిగాక తుడిచింది. లోపలుండే బ్రేకు పళ్లేనికి అది అంటకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెంటనే సబ్బునీళ్లతో కడిగేసింది. ఒక చక్రం పూర్తిగా కడిగి, తుడిచి ఆరబెట్టాకే ఇంకోదాని దగ్గరికి వెళ్లాలి. ఆఖర్న బండిని వీధి చివరిదాకా మెల్లగా నడుపుతూ, తడి ఆరేలా బ్రేకు మీద కాలు వేస్తూ తీస్తూ తిప్పి తెచ్చింది. నాలుగు చక్రాలూ కొత్త స్టీలు గిన్నెల్లా తళతళలాడుతుంటే నాకు ఆ పూటంతా కాళ్లు నేల మీద నిలవలేదు.

మర్నాడు, అంటే పెళ్లి ముందురోజు, అత్త పూలదండలకి పేట వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చింది. నా చక్రాలు ఎలా ఉన్నాయో చూసుకుందామని పరిగెత్తాను. మూడు చక్రాల మీద పల్చటి దుమ్ము, అంతే. ముందు ఎడమ చక్రం మాత్రం అసలు కడగనట్టే నల్లగా ఉంది. ఒకటికి రెండుసార్లు చూశాను. అటువైపు వెళ్లి కుడిది చూసి మళ్లీ వచ్చాను. ఒకే రోజు, ఒకే బ్రష్షుతో, నా చేతుల్తో కడిగినవే కదా రెండూ.

పక్కింటి అరుగు మీద అక్క వాళ్ల పెదనాన్న, చుట్టాలు, మా బాబాయి కూర్చుని ఉన్నారు. అత్త వాళ్లతో పొద్దున ఎన్నింటికి బయల్దేరాలో మాట్లాడుతోంది. అంతమంది పెద్దవాళ్ల మధ్యకి వెళ్లి ఏం చెప్పను? కాసేపు గోడవారన నిలబడ్డాను. తడిగుడ్డతో నేనే తుడిచేస్తే పోతుంది కదా అని కూడా అనిపించింది. కానీ మనసొప్పక వెళ్లి అత్త చీర కొంగు లాగాను.

"అత్తా, ఆ ఒక్క చక్రమే మళ్లీ నల్లబడింది."

"తుడిచెయ్యవే, దానికేముంది!" అన్నాడు బాబాయి. అరుగు మీద ఎవరో నవ్వారు.

అత్త నవ్వలేదు. మాట్లాడుతున్న మాట ఆపి, నా ఎత్తుకి వంగింది. "ఏ చక్రం? మిగతావి ఎట్లా ఉన్నాయి? సరిగ్గా చూశావా?" అని అడిగింది. నేను చెప్పినంతసేపూ నా ముఖమే చూస్తూ వింది. తర్వాత నాతో కారు దగ్గరికి వచ్చి, గొంతుక్కూర్చుని, కుడి చక్రానికి అరచెయ్యి తాకకుండా దగ్గరగా పెట్టి చూసింది. ఎడమదాని దగ్గర పెట్టగానే చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. పొయ్యి మీది పెనంలా సెగ కొడుతోంది.

"ఈ మధ్య బ్రేకు వేస్తే బండి ఎడమకి లాగుతోంది. రోడ్డు వంపేమోలే అనుకున్నా" అంది తనలో తనే. తర్వాత లేచి అరుగు దగ్గరికెళ్లి, అందరి ముందూ అదే మాట చెప్పింది.

పెదనాన్న ఆ మాట కోసమే కాచుకున్నట్టు లేచాడు. "నే ముందే చెప్పలా? రేపు దారిలో ఏదైనా అయితే ఎవరు బాధ్యులు?"

ఇంకెవరైనా అయితే తడబడేవారు. అత్త మాత్రం, "మీ భయం నిజమేనండీ. బాగయిందని నాకు నమ్మకం కుదిరేదాకా పిల్లని ఈ బండి ఎక్కించను. మీరు జీపు మాట్లాడి ఉంచండి. ఈలోగా బాగయితే నేనే తీసుకెళ్తా" అంది. గుమ్మంలో నిలబడ్డ అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను నోరు మూసుకుని ఉంటే అక్క కోరిక తీరేది కదా అని ఏడుపొచ్చింది. అత్త నా తల మీద చెయ్యి వేసి దగ్గరికి తీసుకుంది.

చీకటి పడకముందే బాబాయి మోటారుసైకిలు మీద పేట వెళ్లి మెకానిక్కుని తీసుకొచ్చాడు. ఆయన చక్రం విప్పి చూసి తల ఊపాడు. లోపల బ్రేకుని నొక్కే పిస్టను తుప్పు పట్టి బిగుసుకుపోయిందట. కాలు తీసినా బ్రేకు చక్రాన్ని వదలడం లేదట. అందుకే అరిగి అరిగి ఆ పొడి రాలుతోంది.

"బ్రేకు పట్టేసింది మేడమ్. ప్యాడు అరిగి రేకులాగా మిగిలింది. పొదిలిదాకా పోతే మధ్యలోనే చేతులెత్తేసేది. ఎవరు చూశారు దీన్ని?"

"మా కోడలు" అంది అత్త.

సామాను తీసుకుని తెల్లవారేసరికి వస్తానని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. అన్న మాట ప్రకారమే వచ్చాడు. అప్పటికే జీపు వచ్చి పక్కింటి ముందు నిలబడి ఉంది. అక్క పెళ్లిచీర కట్టుకుని, కిటికీలోంచి మా వాకిలి వైపే చూస్తోంది. బిగుసుకుపోయిన పిస్టను మార్చి, కుడివైపు బ్రేకు కూడా విప్పి చూసి, కొత్త ప్యాడ్లు వేసి మెకానిక్ చేతులు తుడుచుకున్నాక, అత్త ఒక్కతే కారు తీసుకుని రోడ్డెక్కింది. వెళ్తూ ఆగుతూ, మెల్లగా ఒకసారి, వేగంగా ఒకసారి బ్రేకు వేసి చూసుకుంది. తిరిగొచ్చాక రెండు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూసింది. అప్పుడు పక్కింటికి వెళ్లి, "బాగయిందండీ. ఇక మీ ఇష్టం" అంది.

పెదనాన్న కాసేపు జీపు వంక, కాసేపు కారు వంక చూశాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"తన బండిలో లోపం తనే వచ్చి చెప్పిన మనిషి నడుపుతుంటే నాకు భయమెందుకమ్మా? పద, నేనూ నీ పక్కనే కూర్చుంటా" అని ముందు తలుపు ఆయనే తీసుకున్నాడు. జీపులో చుట్టాలెక్కారు. అక్క, వాళ్లమ్మ, నేను కారు వెనక సీట్లో కూర్చున్నాం. అక్క దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు.

దారిలో ఒకచోట పత్తి బోరాలతో పొంగిపోయిన లారీ, మా ముందు వెళ్తున్నదల్లా ఉన్నట్టుండి ఆగిపోయింది. అత్త బ్రేకు వేసింది. బండి అటూ ఇటూ పోకుండా, గీత గీసినట్టు నిలబడింది. పెదనాన్న గట్టిగా ఊపిరి వదిలి, వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. "నీదేనంట కదా ఆ కన్ను! చల్లగా ఉండు తల్లీ" అన్నాడు. పొదిలి చేరేసరికి చక్రాలు దుమ్ము కొట్టుకుపోయాయి. ఎవరూ వాటి వంక చూడలేదు. అందరూ కారు దిగుతున్న పెళ్లికూతుర్నీ, ఆమె చెయ్యి పట్టుకుని దింపుతున్న మా అత్తనీ చూశారు.

ఇప్పుడు నేను గుంటూరులో ఒక ఆసుపత్రిలో పెద్ద నర్సుని. నా కింద పనిచేసే పిల్లలు చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్లే, డాక్టర్ల ముందు నోరు విప్పడానికి భయపడతారు. ఎప్పుడైనా ఒకమ్మాయి వచ్చి, పెద్ద విషయం కాదేమో మేడమ్ అని నసుగుతుంది. మూడో మంచం ఆమె కట్టు పొద్దున మార్చిందే, మళ్లీ తడిసిందంటుంది. అట్లాంటప్పుడు చేతిలో పని పక్కన పెట్టేస్తాను. ఆ అమ్మాయి చెప్పినంతసేపూ ముఖం చూస్తూ వింటాను, తర్వాత తనతోపాటే ఆ మంచం దగ్గరికి నడుస్తాను. చాలాసార్లు నిజంగానే పెద్ద విషయం ఏమీ ఉండదు. ఏమీ లేదని తేలినా, చెప్పి మంచిపని చేశావని ఆ పిల్లకి చెప్పే వెనక్కి వస్తాను.