రాజీనామా ఇచ్చాక కొనాలనుకున్న పాలసీ

2023 ఆగస్టు. మదనపల్లెలో టమోటా మార్కెట్ యార్డుకు పోయే దారిలో, విత్తనాల అంగడి పైన మేడగదిలో నా ఆఫీసు. పదహారేళ్లుగా ఆరోగ్య బీమా అమ్ముతున్నాను. ప్రతి ప్లానుకూ పాలసీ వర్డింగ్ అని ఒక పుస్తకం ఉంటుంది. దేనికి డబ్బిస్తారో, దేనికి ఇవ్వరో, ఎప్పటి నుంచి ఇస్తారో అన్నీ అందులోనే రాసి ఉంటాయి. కొనేవాళ్లు చదవరు, అమ్మేవాళ్లలోనూ చాలామంది చదవరు. నాకు మాత్రం అది చదవడమంటే పిచ్చి. ఏ గొడవ జరిగాక ఈ వాక్యం రాయాల్సి వచ్చిందో అని ఊహించుకుంటూ చదువుతాను. వారపత్రికలో సీరియల్ చదివినట్టు చదువుతావని మా ఆయన ఎగతాళి చేస్తాడు.

ఆ రోజు మధ్యాహ్నం ముగ్గురు మెట్లెక్కి వచ్చారు. పుంగనూరులో పాల సెంటర్ నడిపే మునిరాజు, అతని భార్య శైలజ, అతని తల్లి రెడ్డెమ్మ. ఎవరు మొదలుపెట్టాలో తెలియక ముగ్గురూ కాసేపు ఫ్యాన్ వైపు చూశారు. చివరికి మునిరాజే నోరు విప్పాడు.

"బిడ్డల కోసం ట్రీట్‌మెంట్ చేయించుకోవాల మేడం. దానిగ్గూడా ఇన్సూరెన్స్ ఉండాదని ఎవరో చెప్పినారు."

పెళ్లయి ఆరేళ్లు. శైలజకు రెండు ట్యూబులూ మూసుకుపోయాయని బెంగళూరు డాక్టరు చెప్పిందట. ఐవీఎఫ్ తప్ప దారి లేదంది. అంటే అండాన్నీ వీర్యకణాన్నీ బయట ల్యాబులో కలిపి, పిండం తయారయ్యాక గర్భంలో పెట్టడం. శైలజకు ముప్పై నాలుగు నిండాయి, ఆలస్యం చేయొద్దని కూడా చెప్పిందట.

ఉన్నమాట చెప్పాను. ఈ చికిత్సకు డబ్బిచ్చే ప్లాన్లు తక్కువ. ఇచ్చేవాటికి కూడా వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. పాలసీ తీసుకున్న తర్వాత అన్నాళ్లు ఆగితే గాని ఆ చికిత్సకు పైసా రాదు. నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మంచిదానికే రెండేళ్లు.

"రెండేళ్లంటే నాకు ముప్పై ఆరు వచ్చేస్తాయక్కా," అంది శైలజ.

"సొంతంగా పెట్టుకునే తాహతు లేదు మేడం. ఆగాల్సిందే," అన్నాడు మునిరాజు. సరేనని ప్రపోజల్ ఫారం తీశాను. పాలసీ అడిగేవాళ్ల వివరాలన్నీ రాసే దరఖాస్తు అది. డాక్టరు చెప్పిందంతా దాచకుండా రాయాలన్నాను, ఒప్పుకున్నారు. వృత్తి దగ్గరికి వచ్చేసరికి రెడ్డెమ్మ అందుకుంది.

"హౌస్‌వైఫ్ అని రాయి తల్లీ. ఇంగ తొమ్మిది దినాలే ఆ ఉద్యోగం."

అప్పుడు తెలిసింది. కుప్పం దగ్గర ఒక విదేశీ కంపెనీ ఫ్యాక్టరీలో శైలజ క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. వారమంతా అక్కడే హాస్టల్లో ఉండి, శనివారం బస్సెక్కి పుంగనూరు వస్తుంది. ఆడొకరు ఈడొకరు ఉంటే బిడ్డలెట్ల పుడతారని వీధి వీధంతా అన్నారు. చివరికి శైలజకూ అదే నిజమనిపించి రాజీనామా ఇచ్చేసింది. మూసుకుపోయిన ట్యూబులకూ ఉద్యోగానికీ ఏం సంబంధం అని నాకు చిరాకు వేసింది. అయినా ఫారం నింపుతూ పోయాను.

తర్వాతి ప్రశ్న, వేరే ఆరోగ్య పాలసీలు ఏమైనా ఉన్నాయా అని. మునిరాజు "ఏమీ లేవు మేడం" అన్నాడు. నేనూ "లేవు" అని రాసేశాను. రాశాక ఎందుకో మనసు ఊరుకోలేదు. విదేశీ కంపెనీ అంటున్నారు, వాళ్లు ఉద్యోగులకు ఏం ఇస్తారో చూడాలన్న ఆరాటం తప్ప అప్పుడు నాకు వేరే ఆలోచన ఏమీ లేదు.

"ఏమ్మా శైలజా, అంత పెద్ద కంపెనీ కదా, కార్డు గీర్డు ఏమీ ఇయ్యలేదా?"

"ఇచ్చిండారక్కా, జబ్బు చేస్తే చూపించుకునేదానికి. ఇది జబ్బు కాదు కదా!"

"ఆ కార్డుతో పాటు మెయిల్లో ఏదైనా వచ్చిందా?" అని అడిగాను. ఫోనంతా వెతికి, చేరిన కొత్తల్లో వచ్చిన మెయిల్ ఒకటి చూపించింది. దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. నలభై పేజీలు. ఆఫీసులో ఎవరినైనా అడగలేదా అంటే, "ఎట్లడిగేదక్కా, అందరికీ తెలిసిపోతాది కదా" అంది.

కంప్యూటర్లో తెరిచి చదివాను. అది గ్రూప్ పాలసీ, అంటే కంపెనీ తన ఉద్యోగులందరికీ కలిపి కొనే బీమా. ముప్పై ఒకటో పేజీలో ఉంది. సంతాన చికిత్సకు, ఐవీఎఫ్‌తో సహా, ఏడాదికి ఒక పరిమితి దాకా ఇస్తారు. వెయిటింగ్ పీరియడ్ లేదు. చికిత్స జరిగే రోజుకు ఉద్యోగంలో ఉండాలన్నదే షరతు. సరిగా చదివానో లేదోనని మళ్లీ చదివాను, ఇంకోసారి చదివాను. తర్వాత వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాను.

శైలజ అత్త వైపు చూసింది. మునిరాజు కూడా అమ్మ వైపే చూశాడు. ఆ ఇంట్లో మాట ఎవరిదో నాకు అర్థమైంది.

"ఉద్యోగం మానితే బిడ్డలు పుడతారని మీకెవరు చెప్పినారమ్మా?" అని రెడ్డెమ్మను అడిగాను. కొంచెం కటువుగానే అడిగాను.

"ఎవురూ సెప్పలేదు తల్లీ. సోమల ఊరి కాడ కూలికి పొయ్యేదాన్ని నేను. నాట్లేస్తా ఒగ బిడ్డను పోగొట్టుకుంటి, శెనక్కాయ మూట మోస్తా ఇంగొగ బిడ్డను పోగొట్టుకుంటి. మూడోసారి మాయమ్మ నన్ను పనికి పోనీలేదు. అబ్బుడు వీడు నిలిసినాడు."

నా కటువుతనం చూసి నాకే సిగ్గేసింది. ఆమెది మూఢనమ్మకం అనుకున్నాను గానీ, ఆమె చెప్పింది తన ఒంటి మీద జరిగినది. కోడలికి కుర్చీలో కూర్చుని పరీక్షించే పని అనీ, బరువులు మోయదనీ మెల్లగా చెప్పాను. రెడ్డెమ్మ కంప్యూటర్ వైపు వేలు చూపించింది.

"పని మానేస్తే ఆ కార్డు గూడా పోతాదా?"

"పోతాదమ్మా. ఆ రోజుతోనే సరి."

ఆమె కోడలి వైపు తిరిగింది. "ఇంగ యాల కూసోనుండావు? ఫోన్ సెయ్యి. ఆ రాజీనామా కాయితం ఎనిక్కి ఇమ్మను."

శైలజ వరండాలోకి పోయి మేనేజరుకు ఫోన్ చేసింది. ఆయన కారణం అడిగినట్టున్నాడు. ఇన్నేళ్లుగా ఆఫీసులో ఎవరికీ తెలియనివ్వని మాటను ఆ పిల్ల కింద అంగడివాళ్లకు కూడా వినపడేంత గట్టిగా చెప్పింది. "బిడ్డల కోసం ట్రీట్‌మెంట్ చేయించుకుంటాండాను సార్. అందుకే ఉద్యోగం కావాల."

నేను ఫారం చించేశాను. "నీకు బేరం చెడిపోయిందే తల్లీ," అంది రెడ్డెమ్మ. పాపం, నిజంగానే బాధపడింది.

రాజీనామా వెనక్కి ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. ఆమె స్థానంలో అప్పటికే ఒకరిని చూసుకున్నారట. జవాబు వచ్చేసరికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు మునిరాజు ఫోన్ చేసి ఒప్పుకున్నారని చెప్పాడు.

మొదటి ఐవీఎఫ్ నిలవలేదు. ఆ వార్త చెప్పింది రెడ్డెమ్మే. ఏడుస్తూనే అడిగింది, ఇంకొకసారికి డబ్బిస్తారని ఆ పాలసీ కాగితంలో ఉందా అని. ఆ ఏడాది పరిమితి అయిపోయింది. ఏప్రిల్లో కంపెనీ పాలసీ రెన్యువల్ అయితే పరిమితి మళ్లీ మొదటి నుంచి లెక్క. అంతవరకు శైలజ రోజూ డ్యూటీకి పోయింది. రెండోసారి నిలిచింది. ఆడపిల్ల.

ఆ రోజు నేను ఫారం నింపి పంపేసి ఉంటే, కాగితం చూసినవాళ్లకు ఒక్క తప్పు కూడా కనిపించేది కాదు. అన్ని గళ్లూ నిండి, అందరి సంతకాలూ ఉండేవి. ఆ పిల్ల మాత్రం చేతిలో ఉన్నది వదులుకుని, రెండేళ్ల తర్వాత రావలసినదాని కోసం ఇంట్లో కూర్చుని ఉండేది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయం వేస్తుంది. అందుకే ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా, ఏం కావాలని అడిగే ముందు, ఇప్పటికే మీ దగ్గర ఏముందో చూపించమంటాను. లేదన్నా సరే, ఒకసారి ఫోన్ తీసి వెతకమంటాను.

మొన్న ఒక సోమవారం రెడ్డెమ్మ ఫోన్ చేసింది. ఇప్పుడు ఆమె కుప్పంలో, కోడలు తీసుకున్న బాడుగ ఇంట్లో ఉంటోంది. వెనక పాప ఏడుపు వినిపిస్తోంది.

"శైలజ లేదామ్మా?" అన్నాను.

"డ్యూటీకి పంపించినా తల్లీ. పాపను నేను సూసుకుంటాండాను."