ఇంగ్లీషు సార్ ఇంటిపేరు

ఆరో తరగతిల బడి మానేసిన. ఆ రోజు మా పంతులు పండుగ చేసుకున్నడని ఊళ్లె ఇప్పటికీ చెప్పుకుంటరు. అట్లాంటి నేను కతార్ల ఒక ఇంగ్లీషు ఇంజనీరుకు డ్రైవర్నైన. చమురు పైసలు పొంగుతున్న కాలం. దోహాల ఎటు చూసినా తవ్వకాలే, క్రేన్లే.

పొద్దున అల్ ముంతజాల ఆయన ఇంటికాడ ఎక్కించుకొని సైటుకు తీసుకపోయేది. నా ఇంగ్లీషుకు కాళ్లు లేవు, ఆయన హిందీకి చేతులు లేవు. అయినా దారి పొడుగునా ముచ్చట్లే. ఒకనాడు, మనోళ్ల అలవాటు కొద్దీ, ఇంటిపేరుకు అర్థమేందని అడిగిన. పాతకాలం ఇంగ్లీషుల "వంకర వాగు" అని చెప్పిండు. ఆ వాగు ఒడ్డు ఊరి నుంచి వచ్చిన పేరట. ఇప్పుడు ఆ ఊరు లేదు. ఆ పేరున్నోళ్లు కూడా ఆయన, ఆయన తండ్రి, అంతే.

మేముండే క్యాంపుల తెలుగోళ్లల్ల ఒకే పేరున్నోళ్లు చానమంది. అందుకే అందరం ఇంటిపేర్లతోనే పిలుచుకునేది. సారును మాత్రం ఎందుకు విడవాలె అనుకొని, ఆ "వంకర వాగు"ను నేనే అంటించిన. కొన్నాళ్లకే సైటంత అదే పిలుపు.

ఒకరోజు నేను లేటుగ పోయి సార్‌ను తెచ్చిన. ఆయన బండి దిగంగనే, పైన కడ్డీలు కట్టేటోడు అరిచిండు: "వంకర వాగొచ్చింది, యల్లా యల్లా, పనిల పడుండ్రి!"

అందరు నవ్విండ్రు. ఏమన్నడని సార్ ఫోర్మన్‌ను అడిగిండు. ఫోర్మన్ హైదరాబాదాయన, తెలుగొచ్చు. ఉన్నదున్నట్టు చెప్పేసిండు. సార్ నవ్వలే. నా దిక్కు ఒకసారి చూసి క్యాబిన్లకు పోయిండు.

నా నౌకరి పోయిందనుకున్న. అంతకుముందే ఇంకో సార్‌ను తిట్టిండని ఒక మేస్త్రీని, సామాను సర్దుకోనియ్యకుండ విమానమెక్కించిండ్రు. మా పాస్‌పోర్టులు కంపెనీ చేతులనే ఉండె. ఎడ్లనమ్మి వచ్చినోణ్ణి; వాపస్ పంపితే నాగలికి నన్నే కట్టుకోవాలె.

"ఎందుకు చెప్పినవ్ భాయ్?" అని ఫోర్మన్ మీద పడ్డ.

"అడిగిండు, చెప్పిన. నీ నోటికి తాళం నేనెయ్యాల్నా?"

మధ్యాహ్నం పిలుపొచ్చింది. క్యాబిన్ల ఏసీ నడుస్తున్నా వీపంత చెమట.

"తప్పైంది సార్. మా దిక్కు మనోడనుకుంటేనే ఇట్ల పిలుస్తం."

ఆయన ముంగటి కాగితాలను ఒక్కొక్కటే తిరగేసిండు. ఆ సేపట్ల నేను ఊరికి పోయి, అందరితోని నవ్విచ్చుకొని, మళ్ల వచ్చిన.

"మా ఇంటిపేరును ఇంతమంది పిలువంగ నేనెన్నడూ వినలే," అన్నడు ఆఖరుకు.

అది తిట్టో మెచ్చుకోలో తెల్వలే.

"మరి మీ ఇంటిపేరుకు అర్థమేంది?"

"మేకల దొడ్డి, సార్."

కాగితాల మీదికెల్లి తలెత్తకుండనే అన్నడు: "అయితే రేపు మేకల్ని జర జల్దీ తోలుకరా. ఇయ్యాల వాగు ఇంటి గేటు కాడ నిలబడి నీ కోసం ఎదురుచూసింది."