చూడు, ముట్టుకోకు

ముజే గిదూదు ఇంట్లో ఏ వస్తువునైనా చూడవచ్చు, ముట్టుకోకూడదు. ఇదొక్కటి తెలిస్తే ఆయన సాంతం తెలిసినట్టే. ముజే అంటే మా వైపు పెద్దాయన అని. సోఫాకు కొన్ననాటి ప్లాస్టిక్ తొడుగు ఇప్పటికీ ఉంది. దానిమీద కూర్చుని లేస్తే మన చర్మం కొంత అక్కడే ఉండిపోతుంది. సైకిలు గోడకు వేలాడుతూ ఉంటుంది, ఆయన చెప్పులరిగేలా మా ఎంబాలే ఊరంతా నడుస్తాడు. ఒకసారి పాస్టరుగారు ఆశీర్వదించడానికి చెయ్యెత్తితే, అది రేడియో మీదికి వెళ్తోందనుకుని అడ్డంపడ్డాడు. "చూడు, ముట్టుకోకు" అన్నాడు, పాస్టరుగారితోనే.

ఇలాంటి మనిషికి ఒక కంప్యూటరు ఉంది. నాకు గడియార స్తంభం వెనక కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. నా ఖర్మ అక్కడే మొదలైంది.

ఆ కంప్యూటరులో ఇంటి ఖర్చులు రాసుకునే ప్రోగ్రాం ఒకటి ఉంది. రాసేది ఆయన భార్య. పేరు నబూలో, నేను అమ్మ అంటాను. ఆవిడ బడిలో ఫీజుల లెక్కలు చూసి రిటైరైంది. పొద్దున టీ తాగి, కళ్లజోడు తుడుచుకుని, నిన్నటి ఉప్పూ సబ్బూ కిరోసినూ అన్నీ టైపు చేస్తుంది. చివర సేవ్ నొక్కుతుంది. "ఈ ఫైలులో రాయడానికి మీకు అనుమతి లేదు" అంటుంది యంత్రం. రాసిందంతా గంగపాలు. వెంటనే గిదూదు నుంచి నాకు ఫోను.

"నఫూనా, నువ్వు బాగుచేసిన పెట్టె మళ్లీ మొరాయించింది. ఏం చదివావే నువ్వు?"

"మొన్ననే కదా వచ్చి చూశాను ముజే."

"చూశావు. బాగుచేశావా?"

వెళ్లేదాన్ని. మౌసు మీద చెయ్యి వేయబోతే చేతికర్రతో బల్ల మీద టక్కుమని కొట్టేవాడు. "చూడు, ముట్టుకోకు."

"ముట్టుకోకుండా బాగుచేయడానికి నేనేమన్నా మంత్రగత్తెనా ముజే?"

"డాక్టరు కూడా ముందు చూస్తాడు."

"చూశాక సూది వేస్తాడు."

"అందుకే నేను డాక్టరు దగ్గరికి వెళ్లను."

ఇక నేను చేతులు తొడల కింద పెట్టుకుని చెప్పడం, ఆయన కోడిపెట్టను పట్టుకున్నట్టు మౌసు పట్టుకుని నొక్కడం. "ఫైలు మీద కుడి బటన్ నొక్కండి. అనుమతులు అని ఉంటుంది, తెరవండి. ఎవరు రాయొచ్చో, ఎవరు చదవడం వరకేనో అందులో ఉంటుంది." ఆయన తెరిచేవాడు, నేను మెడ చాచేలోగా మూసేసేవాడు.

"ఏముంది?"

"ఏమీ లేదు."

"ఫైలు ఎవరి పేరున ఉందో చూడాలి ముజే."

"నా ఇంట్లోది నా పేరున కాక పొరుగువాడి పేరున ఉంటుందా?"

తర్వాత భార్య వైపు తిరిగేవాడు. "విన్నావా నబూలో? నీ తప్పేం లేదు. పెట్టె పాడు. ఈ పిల్ల పని అంతకంటే పాడు."

ఆవిడ నన్ను జాలిగా చూసి మొగుడితో అనేది, "పోనీలే వందేబా నాన్నా, నేర్చుకుంటుందిలే. రా అమ్మా, మలేవా తినిపో." వేరుశెనగ ముద్దలో ఉడికించిన ఆ వెదురు మొలకల కూర ఎంత రుచో, ఆ మాటతో కలిపి తినడం అంత చేదు. ఇరవయ్యేళ్లుగా ఈ పనిలో ఉన్నాను నేను. ఆయన పోయి సంతలో కూడా ఇదే చాటేవాడు, "నఫూనాకు పని రాదు" అని. టమాటాలమ్మే ఆవిడ నన్ను చూసి జాలిపడి ఒక టమాటా ఎక్కువ వేసేది.

ఒకరోజు వాకిట్లో నబూలో అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నిజం చెప్పు నఫూనా. తప్పు పెట్టెదేనా, నాదా? బడిలో నా లెక్క ఒక్కనాడు తప్పలేదు. ఇప్పుడు నా బుర్రే సరిగా లేదేమోనని భయమేస్తోంది."

"పెట్టెదే అమ్మా" అన్నాను. దాన్ని రుజువు చేసి తీరాలనుకున్నాను.

ఆ ఆగస్టులో కుర్రవాళ్ల సున్తీ పండుగ వచ్చింది. ఊరంతా డప్పులు. తమ్ముడి మనవడు కత్తికి నిలబడుతున్నాడని గిదూదు కొండ మీది ఊరికి బయల్దేరాడు. "నేను నిలబడ్డప్పుడు రెప్ప కూడా వేయలేదు" అని దారిలో కనిపించిన మేకలక్కూడా చెప్పుకుంటూ పోయాడు. ఆయన మలుపు తిరగ్గానే నబూలో అమ్మ ఫోను చేసింది. "ఆయన లేడు. వచ్చి ముట్టుకో."

తనివితీరా ముట్టుకున్నాను. అనుమతులు తెరిస్తే కడుపు మండిపోయింది. ఫైలు గిదూదు పేరున ఉంది. నబూలో పేరు ఎదురుగా చదవచ్చు, రాయకూడదు అని ఎవరో పనిగట్టుకుని గుర్తు పెట్టారు. ఎవరో ఏమిటి, ఆయనే. పెళ్లాం ఉప్పు లెక్క రాసుకున్నా ఓర్వలేని మనిషి. ఆ గుర్తు తీసేశాను. ఆవిడ ఉత్సాహంగా ఏదేదో చాలాసేపు టైపు చేసి సేవ్ నొక్కింది. సేవ్ అయింది. ఇద్దరం చేతులు కలిపి నవ్వుకున్నాం. నేను సంతలోంచి తలెత్తుకుని ఇంటికి వెళ్లాను.

గిదూదు తిరిగొచ్చిన మర్నాడే నా దుకాణానికి వచ్చాడు. "బాగుచేయమని నీకెవరు చెప్పారు?"

ఇంక నావల్ల కాలేదు. "మీరే. ఫోను మీద ఫోను చేసి చంపారు కదా."

"చూడమన్నాను. ముట్టుకోమన్నానా?"

"అమ్మకు అనుమతి లేకుండా చేసింది మీరే. సిగ్గనిపించలేదా ముజే?"

ఆయన అరవలేదు. తలుపు దగ్గరగా వేసి స్టూలు మీద కూర్చున్నాడు. "తను రాసింది సేవ్ అయింది కదా. ఈ పొద్దున తెరిచి చదువుకుంది. వందేబాకు బడి బూట్లు, అని ఉంది."

వందేబా వాళ్ల కొడుకు. గులూ పట్నంలో పోలీసు అధికారి, బట్టతల.

"సబ్బు ఒకటే కొన్నాం, పేజీ నిండా సబ్బే ఉంది. 'ఇది నేనే రాశానా?' అని అడిగింది. అప్పట్నుంచి టీ కూడా తాగలేదు. ఇన్నాళ్లూ తను ఏం రాసినా నిలిచేది కాదు. పెట్టె పాడు, నీకు పని రాదు, అంతే. తన బుర్ర జోలికి ఎవరూ పోలేదు."

"మరి అసలు లెక్క?"

"నా పేరుతో నేను రాస్తాను. తను నేర్పిందే."

"నన్ను అన్ని తిట్లు తిట్టారు కదా ముజే."

"తప్పు ఎవరో ఒకరి మీద పడాలిగా. నువ్వు గట్టిదానివి." అలా అంటూ రెప్పలార్పాడు, కత్తి ముందు ఆర్పని మనిషి. ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఏం పోయేదని నాకు ఒళ్లు మండింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అయినా దుకాణం మూసి ఆయన వెంట నడిచాను.

నబూలో అమ్మ కంప్యూటరు ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నేను గుమ్మంలోంచే మొదలుపెట్టాను. "అమ్మా, కొంప ముంచాను. మొన్న బాగుచేస్తూ ఎవరివో పాత లెక్కలు మీ ఫైల్లో కలిపేశాను. బూట్లూ సబ్బులూ ఏమైనా కనిపించాయా?"

ఆవిడ కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుని నా వైపు చూసింది. "ఊరందరి ఫైళ్లూ ఇలాగే కలిపేస్తావా?"

"అప్పుడప్పుడూ కలిసిపోతాయమ్మా."

"హమ్మయ్య" అని టీ కప్పు అందుకుంది. వెనక నుంచి గిదూదు కర్ర టక్కుమంది. "ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను?" అని వీధి దద్దరిల్లేలా అరిచాడు. అరుస్తూనే కీబోర్డును నా ముందుకు జరిపాడు. తర్వాత నాకు మాత్రమే వినిపించేలా, "ముట్టుకో. మెల్లిగా నొక్కు, కొత్తది" అన్నాడు.

ఆ గుర్తు మళ్లీ పెట్టాను. నబూలో అమ్మ నాలుగు ముక్కలు టైపు చేసి సేవ్ నొక్కింది. అనుమతి లేదంది యంత్రం. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"చూశావా వందేబా నాన్నా, మళ్లీ పాడుచేసింది. పోనీలే, తిట్టకు. మలేవా పెడతాను."

ఆ రోజు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.