ఎలుకలక్క చేతులు

ప్రయోగశాలలో అందరూ ఆమెను ఎలుకలక్క అంటారు. ఎదురుగానే అంటారు, ఆమె పలుకుతుంది కూడా. ఎలుకలను మచ్చిక చేయడం ఆమె ఉద్యోగం. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ, ఆ పని చెడితే మిగతావాళ్లంతా చేతులు ముడుచుకుని కూర్చోవలసిందే.

కిస్‌పెప్టిన్ అని మెదడులో తయారయ్యే చిన్న పెప్టైడ్ ఒకటుంది. అండాశయాలను నడిపే హార్మోన్‌ను నిద్రలేపేది అదే. దాన్ని అడ్డుకునే మందును, ప్రయోగం నడిపే మేడమ్ ఎలుకలకు ఎక్కించి, తోక చివర రక్తపు చుక్కలు తీయించి, హార్మోన్ ఎలా లేచి పడుతోందో చూస్తుంది. ఎలుక బెదిరితే ఏ మందూ లేకుండానే ఆ హార్మోన్ అణిగిపోతుంది. అందుకే ఎలుకలక్క వారాల తరబడి రోజూ బోనులో అరచెయ్యి చాపి, అవే వచ్చి ఎక్కేదాకా కదలకుండా ఉంటుంది.

ఆ ఓపికలో పిసరంత కూడా ఇంటికి తీసుకెళ్లలేదు, మహాతల్లి. పదిహేడేళ్ల కూతురికి కొన్ని నెలలుగా బహిష్టు రావడం లేదు. తల్లికి గుండెల్లో రాయి పడింది. అరిచింది, బ్యాగు వెతికింది. డాక్టరు పరీక్ష చేసి, గర్భం కాదు, పిల్ల ఏదో దిగులుతో తిండి మానేసిందని, అందుకే బహిష్టు ఆగిందని చెప్పినా నమ్మలేదు. ఒక ఉదయం వంటింట్లో నిలదీసి, "ఎవడే వాడు?" అని చెంప ఛెళ్లుమనిపించింది. ఆ చేతులతోనే పనికి వచ్చింది.

ఆ రోజే రక్తం తీయాలి. ఎలుకలను విసురుగా పట్టుకుంది. ఎలుకలు గింజుకున్నాయి.

ఫలితాలు వచ్చాక మేడమ్ పిలిచి గ్రాఫు గీతలు చూపించింది. మందు ఎక్కించిన ఎలుకల్లోనే కాదు, పోల్చి చూడ్డానికి ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించిన వాటిలోనూ హార్మోన్ లేవలేదు.

"మందు పనిచేసిందో, భయం పనిచేసిందో ఇప్పుడెలా తెలుస్తుంది అక్కా?"

డాక్టరు చెప్పినప్పుడు చెవికెక్కని మాట అప్పుడెక్కింది. బోనుల గదిలోకి వెళ్లి ఏడ్చింది.

ఇంటికొచ్చి, చదువుకుంటున్న కూతురి జుట్టు సవరించబోయింది. పిల్ల చటుక్కున చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. తల్లి వెనక్కి తగ్గి, కాస్త ఎడంగా చాప మీద కూర్చుంది. తిండి ఎందుకు మానేశావని మెల్లగా అడిగింది.

"పరీక్ష తప్పానమ్మా. చెప్తే కొడతావని చెప్పలేదు."

ఆమె అరచెయ్యి తెరిచి చాప మీద పెట్టి, కదలకుండా కూర్చుంది. పిల్ల ఆ చేతి వంక చూసింది గానీ దగ్గరికి రాలేదు.